సున్నా లేని చుక్క

తెర మీద చుక్క తన దారిన తాను నేరుగా పోతోంది. దాని ముందు నడుస్తున్న సున్నా మాత్రం ఉప్పు మడులు దాటిన చోట తూర్పుకు ఒరిగింది. అక్కడ కాసేపు తచ్చాడింది. తర్వాత ఏమీ జరగనట్టు వెనక్కి వచ్చి మళ్లీ చుక్క ముందు నిలబడింది.

"మళ్లీ అదే చోట," అన్నాడు ఖాదర్ వలి, బొమ్మను వెనక్కి తిప్పుతూ. "నిన్నా ఈడనే, మొన్నా ఈడనే."

హైమ కుర్చీలో వెనక్కి వాలి వేరుశనక్కాయలు ఒలుచుకుంటోంది. విమానం దిగి వచ్చిన చెమట ఇంకా ఆరలేదు. "నేను తిరగలేదు గదా ఖాదరూ," అంది.

"మీరు తిరగలేదక్కా. తిరగాలనుకున్నారు."

"అనుకోలేదబ్బా."

"అనుకున్నారని పెట్టె అంటుండాది."

ఇద్దరూ నా వైపు చూశారు. ఆ షెడ్డులో మనసు సంగతి చెప్పడానికి పెట్టుకున్న మనిషిని నేనే. నేను మనస్తత్వ శాస్త్రం చదివినవాణ్ణి. ఖాదర్ వలి ఇంజనీరు. హైమ విమానం నడుపుతుంది. హైమ నా మేనమామ కూతురు, నా భార్య కూడా.

కోనేటిపాడు ఎయిర్‌స్ట్రిప్ పక్కన ఉన్న రేకుల షెడ్డే మా ప్రయోగశాల. జిల్లా ఆసుపత్రి నుంచి మందులు, రక్తం ప్యాకెట్లు తీసుకుని హైమ రెండు సీట్ల విమానంలో ఉప్పునీటి సరస్సు అవతల ఇసుకదిబ్బల మీద ఉన్న పల్లెలకు చేరవేస్తుంది. వచ్చేటప్పుడు అవసరమైతే వెనక సీటులో రోగిని తెస్తుంది. ఆ దారికి అడ్డంగా రాకెట్లు ప్రయోగించే రేంజి ఉంది. దాని మీది ఆకాశం అందరికీ నిషిద్ధం. చుట్టు తిరిగి సముద్రం మీదుగా పోవాలంటే మూడింతల దూరం, వానాకాలంలో అదీ కుదరదు. చాలా ఏళ్ల ఉత్తరప్రత్యుత్తరాల తర్వాత రేంజివాళ్లు ఒక మెట్టు దిగారు. నిషిద్ధ ఆకాశంలో బయటి భాగానికి చిన్న విమానాలను రానిస్తామన్నారు. అయితే ఆ విమానం తనను తాను యంత్రాలకు కనబరచుకోవాలి.

విమానం ఎక్కడుందో చెప్పే పెట్టెలు ఎప్పటినుంచో ఉన్నాయి. అవి చాలవన్నాడు రేంజి తరఫున మాతో మాట్లాడిన భానోజీరావు. ఆయనది విజయనగరం వైపు. మాట మెత్తగా ఉంటుంది, మనిషి మెత్తన కాదు. "మీ విమానం మా ప్రయోగ వేదిక వైపు తిరిగిందనుకోండి. నిమిషంలోపే నెత్తిమీదుంటాది. తిరిగాక చూసి నేనేటి చేసేదండీ? తిరగకముందు చూపించండి," అన్నాడు.

తిరగకముందు చూపించే పెట్టెను మేం చేశాం. మనిషి ఎటు పోవాలనుకుంటే అతని చేతి కండరం ముందే అటు బిగుస్తుంది. ఆ సంగతి అతనికి తెలియడం ఆ తర్వాత. విమానం నడిపే కర్ర మీద ఆ సన్నటి బిగువును పట్టుకుని, కొద్దిసేపట్లో ఆ మనిషి ఎక్కడ ఉండాలనుకుంటున్నాడో అక్కడ పెట్టె ఒక ఉంగరం గీస్తుంది. విమానం చుక్క. కోరిక సున్నా. ఆ పేర్లు ఖాదర్ వలి పెట్టినవి. రేంజి యంత్రం చూసేది సున్నానే. ప్రయోగ వేదిక చుట్టూ ఒక ఎర్రగీత ఉంది. సున్నా ఆ గీతను తాకితే ఇక అనుమతి లేదు.

హైమ సున్నా ఇంకా గీతను తాకలేదు. కానీ రోజురోజుకూ దగ్గరవుతోంది. భానోజీరావు ముందు ఆఖరి పరీక్ష జరగబోతోంది. అందులో తప్పితే ఆసుపత్రి వాళ్లు మళ్లీ పడవలకే పోతారు. హైమ నేల మీద ఉండిపోతుంది. నేల మీద హైమ ఎలా ఉంటుందో నేను ఒక వానాకాలం చూశాను. అన్నం తినేది, పలికేది, నిద్రపోయేది. ఎవరో ఆమెను మడతపెట్టి మూల పెట్టినట్టు ఉండేది.

"ఏమంటావు బావా?" అంది హైమ.

"ఆలోచించాలి," అన్నాను.

"అది నీకు బాగా వచ్చు గదా," అంది ఆమె, గింజలు నోట్లో వేసుకుంటూ.

ఆ సాయంత్రం వంటింట్లో ఆమెను ప్రశ్నలు అడిగాను. చిన్నప్పుడు ఎప్పుడైనా రేంజి వైపు వెళ్లావా? అక్కడ పనిచేసేవాళ్లు ఎవరైనా తెలుసా? మంట, శబ్దం, ఎత్తు, వీటిలో దేన్నైనా కలలో చూస్తుంటావా? ఆమె చింతపండు పిసుకుతూ అన్నిటికీ లేదని చెప్పింది. చివరికి చెయ్యి కడుక్కుని నా వైపు తిరిగింది.

"ఇది వంటిల్లా, నీ ఆసుపత్రా?"

"కోపం తెచ్చుకోబాక. నీకు తెలియకుండా నీలో ఏదో ఉంది. అదేందో తెలిస్తే తీసేయొచ్చు."

"నాకు తెలియకుండా నాలో ఎట్టా ఉంటాదబ్బా? ఉండేది నేనే గదా."

నవ్వేశాను. ప్రతి మనిషిలోనూ ఆ మనిషి అడుగుపెట్టని గది ఒకటి ఉంటుందని నేను నమ్ముతాను. నా చదువంతా ఆ గది చుట్టూ తిరిగిందే. హైమ దగ్గర మాత్రం ఆ గది తలుపు నాకు ఎన్నడూ దొరకలేదు. మా పెళ్లి మాట వచ్చినప్పుడు ఆమె వీధిలో సైకిలు తొక్కుతోందట. మా అత్త అరుగు మీద నుంచి "పెంచలబావను చేసుకుంటావా?" అని అడిగింది. హైమ కాలు కింద పెట్టకుండానే "ఊఁ" అనేసి పోయిందట. ఆ "ఊఁ" వెనక ఏముందని నేను ఏళ్ల తరబడి వెతికాను. ఇష్టమా, లెక్కలేనితనమా, తలుపు తెరవకుండా తప్పించుకోవడమా?

ఇప్పుడు తెర మీద సున్నా ఒరగడం చూస్తుంటే భయంతో పాటు ఇంకొకటి కూడా కలుగుతోంది. దాన్ని సంతోషమనడానికి నోరు రావడం లేదు. హైమకూ ఒక వెనకవైపు ఉందన్నమాట. ఆమె మంచినీళ్ల బిందె దగ్గరికి పోతుంటే నా కళ్లు ఆమె ముందు ఒక సున్నాను గీస్తున్నాయి. అది బిందె దగ్గర ఆగదు. వీధి తలుపు దాకా పోతుంది. ఆమె నన్ను వదిలి పోవాలనుకుంటోందా? రేంజికీ దానికీ ఏం సంబంధం? సంబంధం లేదని తెలుసు. తెలిసినా చూపు తిప్పుకోలేకపోయాను.

మర్నాడు కూడా వెనక సీటులో నేనే కూర్చున్నాను. పెట్టె హైమను నేర్చుకుంటున్నప్పటి నుంచి ప్రతి ప్రయాణంలోనూ పరిశీలన కోసం నేను వెనక ఉంటున్నాను. నాకు ఎత్తంటే పడదు. సరస్సు మీదికి రాగానే కింద నీళ్లు వంగినట్టు కనిపిస్తాయి.

"భయమైతే కర్ర పట్టుకో," అంది హైమ, తల తిప్పకుండా. "లాగబాక. ఊరికే చెయ్యి వేసి ఉంచు. భయం చేతిలోకి దిగిపోతాది."

వెనక సీటు ముందు కూడా ఒక కర్ర ఉంటుంది. వెనక కూర్చున్న ప్రతివాళ్లకూ ఆమె అదే చెప్తుంది. నొప్పులు పడుతున్న ఆడవాళ్లు, పాము కరిచిన జాలరులు, అందరూ ఆ కర్ర పట్టుకునే సరస్సు దాటారు. పట్టుకున్నాక నాకూ నయంగానే ఉంది. దూరంగా రేంజి భవనాలు ఎండలో సున్నపు ముక్కల్లా మెరిశాయి. వాటి వైపు చూడకూడదనుకుని చూశాను.

దిగాక ఖాదర్ వలి ఈసారి సున్నాను పక్కన పెట్టి, పెట్టె కర్ర నుంచి పట్టుకున్న వణుకుల గీతలు తెర మీద పరిచాడు. చాలాసేపు వాటినే చూశాడు.

"అక్కా, ఈ కర్ర మీద ఇద్దరుండారు," అన్నాడు.

"ఉంటారు. బావ పట్టుకుంటాడు గదా."

"సార్ ఎందుకు పట్టుకుంటాడు?"

"భయానికి. నేనే పట్టుకోమన్నా."

ఖాదర్ వలి రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. "ముందు కర్రా వెనక కర్రా లోపల ఒకే కడ్డీకి కదక్కా ఉండేది. మొదటినుంచీ ఇట్నేనా?"

"మొదటినుంచీ."

"మీ చెయ్యి కర్ర మీద ఈగ వాలినట్టుంది. ఆ రెండో చెయ్యేమో..."

"తాటికాయ," అంది హైమ.

"బరువుండే చెయ్యే పైలెట్టుదని పెట్టె అనుకునింది. ఇన్నాళ్లూ అది నేర్చుకునింది సార్‌ని. ఈ సున్నా మీది కాదక్కా. సార్‌ది."

హైమ ముందు నమ్మలేదు. తర్వాత నవ్వడం మొదలుపెట్టి, కళ్ల వెంట నీళ్లు వచ్చేదాకా నవ్వింది. "ఏం పనుంది బావా నీకు ఆ రాకెట్ల కాడ?"

నేనూ నవ్వబోయాను. ఆమెను అడిగిన ప్రశ్నలన్నీ ఒక్కొక్కటే తిరిగి నా ముందు నిలబడ్డాయి. ఎప్పుడైనా అక్కడికి వెళ్లావా? లేదు. ఎవరైనా తెలుసా? తెలియదు. మరి ఎందుకు? మిద్దె అంచున నిలబడినప్పుడు దూకితే ఏమవుతుందని ఒక ఆలోచన వస్తుంది, అలాంటిదా? పోకూడదని ఎర్రగీత గీసినందుకే దాని వైపు పోవాలనిపించిందా? చావాలనా? అవునని అనిపించలేదు. కాదని కూడా గట్టిగా అనిపించలేదు. నా వెనకవైపు నాకే కనిపించింది, తెర మీద, తెల్లటి ఉంగరంగా. దాన్ని నేను గుర్తుపట్టలేదు. ఇంకొకరిదనుకుని దాని మీద వ్యాఖ్యానం చేశాను.

ఖాదర్ వలి వెనక కర్ర ఊడదీసి బీరువాలో పెట్టేశాడు. పెట్టెలో నేర్చుకున్నదంతా తుడిచేసి, మళ్లీ మొదటినుంచి హైమ చేతిని ఒక్కదాన్నే నేర్పాడు. సున్నా గీయించి చూడకుండానే ఇక చింత లేదనుకున్నాం. చుక్క వెంట సున్నా నేరుగా పోతుంది, భానోజీరావు సరేనంటాడు, అంతే.

పరీక్ష రోజున భానోజీరావు ఎండ ముదరకముందే వచ్చాడు. ఆయన టీ తాగుతుండగా హైమ ఒంటరిగా పైకి లేచింది. సరస్సు దాటింది. నిషిద్ధ ఆకాశపు అంచుకు వచ్చింది. తెర మీద చుక్క ఉంది. సున్నా లేదు.

ఖాదర్ వలి తీగలు కదిపాడు. పెట్టెను ఆపి మళ్లీ వెలిగించాడు. చుక్క ఒక్కటే నల్లటి తెర మీద జారుతోంది. రేంజి యంత్రం నుంచి ఎర్రక్షరాలు వచ్చాయి: మనిషి లేని వాహనం, ప్రవేశం లేదు.

"అక్కా, వెనక్కి వచ్చేయండి," అన్నాడు ఖాదర్ వలి రేడియోలో.

"ఎందుకు?"

అతను నా వైపు చూశాడు. "మీరు లేరంటుండాదక్కా."

"నేనుండానే," అంది హైమ.

ఆమె దిగి వచ్చాక ఖాదర్ వలి మిగిలిన వాళ్లందరి చేతులూ పెట్టెకు నేర్పి పరీక్షించాడు. విమానం నేల మీద నిలబడి ఉన్నా కర్ర మీద చెయ్యి ఉంటే చాలు, పెట్టె పని చేస్తుంది. అతను కూర్చుని పట్టుకున్నాడు. సున్నా వెంటనే పుట్టి గేటు వైపు బయలుదేరింది. "చూశారా, మస్తాన్ హోటలుకు పోతుండాది," అన్నాడు. భానోజీరావు కూడా పట్టుకున్నాడు. ఆయన సున్నా ఆయన జీపు దాకా పోయి వచ్చింది. హైమ పట్టుకుంది. ఏమీ లేదు.

"పెట్టెలో తప్పు లేదు సార్," అన్నాడు ఖాదర్ వలి చివరికి. "మనకి అనుకునేదానికీ చేసేదానికీ మధ్య సందుంది. పెట్టె ఆ సందులోంచి చూస్తాది. అక్కకి సందు లేదు. అనుకునేసరికే చేసేసి ఉంటాది."

"అది మంచిదేనా?" అంది హైమ.

భానోజీరావు టోపీ తీసి చేతిలో తిప్పాడు. "మేడమ్, మీ మీద అనుమానం కాదండీ. మీకంటే బాగా నడిపేవాళ్లని నేను చూడలేదు. కానీ మా యంత్రానికి సున్నా లేనిదల్లా డ్రోనే. డ్రోన్ వస్తే ఏటి చెయ్యాలో దానికి ఒక్కటే తెలుసును. ఆ పని మీ మీద జరగనివ్వమంటారా?"

"బావను వెనక కూచోబెట్టుకుంటే?"

"ఆయన సున్నా ఎటు పోతాదో ఖాదర్ చూపించాడండి. ఆయన్ని బస్సెక్కించడానికే నేను ఆలోచిస్తాను." ఆయన నవ్వలేదు. "వానలు పడకముందు ఇంకొక్కసారి చూద్దాం. అప్పటికీ సున్నా రాకపోతే, ఈ దారి సంగతి మరిచిపోండి."

ఇంటికి వచ్చేదాకా హైమ నాకంటే ముందే నడిచింది. తలుపు తాళం తీస్తూ, "నేర్పు," అంది.

"ఏంది?"

"నువ్వు చేసేది. సందు."

అది నేర్పేది కాదన్నాను. మనుషులు దాన్ని పోగొట్టుకోవడానికి నా దగ్గరికి వస్తారు గానీ తెచ్చుకోవడానికి రారన్నాను. ఆమె వినలేదు. "నాకు ఎగరాలి బావా. సందుంటేనే ఎగరనిస్తారంటే సందు తెచ్చుకుంటా. దాందేముంది?" అంది. ఆ మాట అనడానికీ ఆమెకు ఆలోచన అవసరం కాలేదు.

మొదటి పాఠం సబ్బుల దగ్గర. కొట్లో రెండు రకాలు ముందు పెట్టి, ఒకటి తీసుకోమన్నాను. తీసుకుంది. "అంత తొందరగా కాదు. రెండోది ఎట్టా వాసన వస్తుందో అనుకో," అన్నాను.

"అనుకుంటే ఏమొస్తాది?"

"సున్నా వస్తుంది."

ఆమె కళ్లు మూసుకుని అనుకుంది. తెరిచి మళ్లీ మొదటిదే తీసుకుంది. "ఇది దగ్గిరుండాది," అంది. కొట్టాయన మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "ఏంది సార్, సబ్బుకి కూడా జాతకం చూస్తుండారా?" అన్నాడు.

తర్వాత దారులు. ఇంటి నుంచి షెడ్డుకు రెండు దారులున్నాయి. మలుపు దగ్గర ఆగి, పోని దారిలో ఇప్పుడు ఎవరు నడుస్తున్నారో ఊహించమన్నాను. తర్వాత తలుపు. తాళం వేశాక, వేశానా లేదా అని మనసులో తిరిగి వెళ్లి చూసి రమ్మన్నాను. చెప్పిన మాట అనే ముందు చెప్పని మాటను ఒకసారి నాలుక మీద పెట్టుకుని చూడమన్నాను. నాకు ఇవన్నీ పుట్టుకతో వచ్చినవి. వాటికి పాఠాలు కట్టవలసి వచ్చినప్పుడు సిగ్గుగానూ ఉంది, గురువుననే గర్వంగానూ ఉంది. ఏది ఎక్కువో తేల్చుకోలేకపోయాను.

ఆమెకు చాలా రోజులు రాలేదు. షెడ్డులో కర్ర పట్టుకుని కూర్చునేది. ఖాదర్ వలి తెర చూసి తల అడ్డంగా ఊపేవాడు. ఒక ఉదయం వంటింట్లోంచి మాడు వాసన వచ్చింది. వెళ్లి చూస్తే హైమ పొయ్యి ముందు నిలబడి ఉంది. పెనం మీద పోసిన పులిబొంగరాలు నల్లబడి పొగ వస్తోంది.

"హైమా, మాడుతుండాయి."

"చూస్తుండా," అంది. "ఇప్పుడు తిప్పితే పచ్చిగా ఉంటాయేమో, ఇంకాసేపు ఉంచితే మాడిపోతాయేమో అనుకుంటుండా. ఇంతలో మాడిపోయినాయి." ఆమె అట్లకాడ చేతిలోనే ఉంది. "వచ్చింది గదా బావా?"

వచ్చిందన్నాను. ఆమె సంబరంగా నా భుజం మీద కొట్టింది. నేను కిటికీ తెరిచి పొగను బయటికి తోలుతూ, నాకు కూడా సంబరంగానే ఉందేమో అని చూసుకున్నాను.

ఆ వారంలోనే ఒక సాయంత్రం బట్టలు మడతపెడుతూ ఆమె ఉన్నట్టుండి ఆగింది. "నిన్ను చేసుకోకపోయి ఉంటే ఏమయ్యేది?" అంది. నిష్ఠూరంగా కాదు, దారి అడిగినట్టు.

"ఎందుకు అడుగుతుండావు?"

"ఏం లేదు. పోని దారి గురించి అనుకోమన్నావు గదా. అన్నిటికీ అనుకుంటుండా."

చొక్కా ఆమె చేతుల్లో సగం మడతలో ఉండిపోయింది. ఆ "ఊఁ" వెనక ఏముందని నేను ఇన్నేళ్లు వెతికాను. అప్పుడు అక్కడ ఏమీ లేదని నాకిప్పుడు తోస్తోంది. ఏమీ లేకపోవడమే దాని బలమేమో. ఇప్పుడు దాని వెనక ఒకటి ఉంది, దాన్ని అక్కడ పెట్టింది నేనే. కానీ ఆమె పెట్టమంది. ఆమె ఎగరాలంది. నేను చేసింది సాయమా, ఇంకేదైనానా? అడగడానికి నాకు నేను తప్ప ఎవరూ లేరు. ఆ మనిషి మీద నాకు మునుపటి నమ్మకం లేదు.

రెండోసారి భానోజీరావు వచ్చినప్పుడు మబ్బులు పడమటి నుంచి లేస్తున్నాయి. హైమ పైకి లేచింది. సరస్సు మధ్యకు వచ్చేసరికి చుక్క ముందు ఏదో సన్నగా మెరిసి ఆరిపోయింది. మళ్లీ మెరిసింది. తర్వాత నిలిచింది. పల్చటి సున్నా, అంచులు వణుకుతున్న సున్నా. కాసేపు ఎడమకు, కాసేపు కుడికి, ఎర్రగీతకు చాలా దూరంలో. ప్రవేశం ఉంది, అన్నాయి అక్షరాలు.

ఖాదర్ వలి బల్ల మీద చరిచాడు. "అక్కా, ఉండారు. మీరుండారంటుండాది."

జవాబు రావడానికి సమయం పట్టింది. "ఆఁ," అంది హైమ. "ఉండానా? సరే."

భానోజీరావు నా చెయ్యి పట్టుకుని ఊపాడు. "ఎలా తెప్పించారండీ?" అన్నాడు. అభ్యాసంతో అన్నాను.

అసలు పని ఆ మర్నాడే వచ్చింది. దిబ్బ మీది పల్లెలో ఒక జాలరిని పాము కరిచింది. హైమ మందు తీసుకుని నిషిద్ధ ఆకాశంలోంచి సూటిగా పోయింది. రేంజి యంత్రం అడ్డు చెప్పలేదు. దిబ్బ మీద దిగే చోట పక్కగాలి వీస్తోందని అక్కడివాళ్లు ఫోనులో చెప్పారు. పక్కగాలి ఆమెకు కొత్త కాదు. కానీ తెర మీద సున్నా దిగే చోటు మీద వాలి, లేచి, మళ్లీ వాలింది. చుక్క కూడా దాని వెనకే ఒక చుట్టు తిరిగింది. ఇంకొక చుట్టు తిరిగింది.

"అక్క ఎప్పుడూ చుట్టు తిరిగిందిలేదే," అన్నాడు ఖాదర్ వలి.

"జాగ్రత్త పడుతుండాది," అన్నాను.

చివరికి దిగింది. జాలరిని వెనక సీటులో వేసుకుని వచ్చింది. అంబులెన్సు స్ట్రిప్ మీదికే వచ్చి తీసుకుపోయింది. మనిషి బతుకుతాడని డాక్టరు ఆసుపత్రి నుంచి ఫోను చేశాడు. పడవలో తెచ్చి ఉంటే బతికేవాడు కాదట. ఖాదర్ వలి ఆ మాట రేడియోలో హైమకు చెప్పాడు. ఆమె ఇంకా విమానంలోనే ఉంది. ఇంజిన్ ఆగి చాలాసేపయింది.

"సార్, అక్క దిగట్లేదే."

తలుపు దగ్గరికి వెళ్లి చూశాను. విమానం స్ట్రిప్ చివర నిలబడి ఉంది. హైమ ముందు సీటులో నేరుగా కూర్చుని ఉంది. చెయ్యి కర్ర మీదే ఉంది. పెట్టె ఇంకా వెలుగుతోంది. తెర మీద చుక్క కదలడం లేదు. సున్నా విమానంలోంచి బయటికి వచ్చి మా షెడ్డు వైపు బయలుదేరింది. సగం దూరం వచ్చి ఆగింది. వెనక్కి పోయింది. ఆకాశం వైపో, ఊరి వైపో చెప్పలేనట్టు విమానం చుట్టూ తిరిగింది. మళ్లీ మా వైపు బయలుదేరింది.

"పోయి పిలవండి సార్," అన్నాడు ఖాదర్ వలి.

పోదామనే అనుకున్నాను. నేను పిలిస్తే వస్తుంది, అయితే అది నేను పిలిచినందుకు రావడం అవుతుంది. పిలవకపోతే వస్తుందో రాదో. ఒక కాలు గడప అవతల పెట్టి నిలబడ్డాను. అప్పుడు రేడియో పలికింది.

"బావా."

వెనక్కి వచ్చి మైకు అందుకున్నాను. "చెప్పు హైమా."

"నేను దిగాలా?"

ఆ గొంతులో అలసట లేదు, ఏడుపు లేదు. నిజంగానే అడుగుతోంది. దిగు అనాలి. అన్నం తిందాం రా అనాలి. ఎవరైనా అదే అంటారు. ఆ మాట నాలుక చివర ఉండగానే దాని పక్కన ఇంకో మాట వచ్చి నిలబడింది. ఆమె మీద ఇంకా నా బరువు వెయ్యకూడదని నాకు అనిపించింది.

"నీ ఇష్టం," అన్నాను.

తెర మీద సున్నా సన్నగా సాగి, రెండయింది. ఒకటి షెడ్డు వైపు, ఒకటి అవతలి వైపు. రెండూ సరిసమానంగా వణుకుతూ అక్కడే నిలిచిపోయాయి. ఖాదర్ వలి లేచి, పెట్టె నుంచి వచ్చే తీగలను ఒక్కొక్కటిగా సరిచూడటం మొదలుపెట్టాడు.